గన్నేరు నాటించింది నేనే

గన్నేరు ఆకు విషమని నాకు ముందే తెలుసు. ఆళ్లగడ్డలో మా చర్చి ప్రహరీ వెంబడి గన్నేరు కంచె వేయించింది నేను. పసిపిల్లల చేతుల్లో దాని కొమ్మలు చూసి కూడా ఊరుకున్నది నేను. ఒక పాప ప్రాణం మీదికి వచ్చి, ఆ నింద ఇంకొకరి మీద పడుతుంటే మినిట్స్ పుస్తకం ముందు పెట్టుకుని తల వంచుకుని రాసింది కూడా నేనే. ఆరేళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా సంఘంలో చెప్పుకుంటూ వచ్చిన కథ వేరు. అందులో తప్పంతా ఒక ఆడమనిషిది. ఆ కథ నిజం కాదు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అప్పట్లో సంఘానికి కార్యదర్శిని కూడా. మా చర్చి హైవేకి దగ్గర. అవతల రాళ్లు చెక్కే షెడ్లు. పొద్దంతా రాయి కోస్తూనే ఉంటారు. ఆ తెల్లటి దుమ్ము కిటికీల మీద, బెంచీల మీద, చివరికి బైబిలు అట్టల మీద కూడా పేరుకుంటుంది. దానికి అడ్డంగా ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మొక్కలు వరసగా పెట్టాలని కమిటీలో అనుకున్నాం. వేప, కానుగ పెద్ద చెట్లవుతాయి, వేళ్లు గోడను లేపుతాయి అన్నారు. చివరికి రెండు పేర్లు మిగిలాయి. నందివర్ధనం, గన్నేరు.

నందివర్ధనం పెడదామన్నది మా ఆదివారపు బడి అక్క. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. భర్త పోయాక జాకెట్లు కుట్టుకుని బతికేది. ఆదివారం పొద్దున చర్చి వెనక గదిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేది. ఆ మీటింగుకు తన ఇంటి దగ్గరి నందివర్ధనం కొమ్మలు రెండు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఏందక్కా, పూలంగడి పెడతాండావా?" అన్నాడు కోశాధికారి పెద్దాయన.

"పెట్టినా నీకు ఊరకే ఇయ్యను లేన్నా."

అందరూ నవ్వారు. ఆమె కొమ్మను బల్ల మీద పెట్టింది. "పిల్లోళ్లు తిరిగే చోటు ఇది. దీని ఆకు మెత్తగుంటాది, పువ్వు తెల్లగుంటాది. ఎండకు కండ్లు మండితే మనం ఈ పూలే గదా కండ్ల మీద పెట్టుకునేది."

"నీళ్లు ఎవురు పోస్తారు?" అన్నాను నేను.

"నేను పోస్తా సారూ."

"ఎండాకాలంలో నీ ఇంటికే నీళ్లు రావు. ఈడేం పోస్తావు?"

మళ్లీ నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు. నేను లేచి పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాను. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, ఏది తుంచినా పాలు కారుతాయి, రెండూ ఆకురాల్చవు. నందివర్ధనం ఆకు వెడల్పుగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, చూడ్డానికి అదే అందం. కానీ మెల్లగా పెరుగుతుంది, మొదటి రెండు వేసవులూ నీళ్లు పోసి కాపాడాలి, లేత మొక్కను మేకలు బతకనివ్వవు. గన్నేరు ఆకు సన్నగా పొడుగ్గా తోలులా మందంగా ఉంటుంది. కణుపు కణుపుకూ మూడేసి ఆకులు. కొమ్మ గుచ్చితే చాలు, ఏడాదిలో మనిషి ఎత్తు లేస్తుంది. ఎండా దుమ్మూ దానికి లెక్కలేదు. పువ్వుకు విరామం లేదు. హైవే మధ్యలో నాటింది గన్నేరే కదా, ఎవరు నీళ్లు పోస్తున్నారు దానికి?

"పైగా మేకలు ముట్టవు," అన్నాను.

"ఎందుకు ముట్టవు సారూ?" అంది ఆమె.

"చేదు."

అబద్ధం చెప్పలేదు. గన్నేరు చేదే. కానీ ఆ చేదు ఎక్కడిదో, అది గుండెను ఏం చేస్తుందో నేను డిగ్రీలో చదువుకున్నవాణ్ణి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే గదిలో అందరూ నా వైపు తల ఊపుతున్నారు. బిషప్పుగారు మరుసటి ఏడు వస్తారని కబురు. ఆయన వచ్చేసరికి ఆవరణ పచ్చగా కనబడాలని, అది సారు చేయించాడని అనిపించుకోవాలని నా ఆశ. అంత చేదు ఆకు ఎవరు తింటారులే అనుకున్నాను. ఆమె కొమ్మల్ని మళ్లీ గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది.

నంద్యాల నర్సరీ నుంచి గన్నేరు మొక్కలు వచ్చాయి. నేను చెప్పినట్టే ఏడాదిలో గోడను కప్పేశాయి. గులాబీ రంగు పూలు, తెల్లవి, ఎర్రవి. బిషప్పుగారు మెచ్చుకున్నారు. అప్పటినుంచే నాలో భయం మొదలైంది. ఆడపిల్లలు పూలు తుంచి తలలో పెట్టుకుంటుంటే పరుగున వెళ్లి "తెంపొద్దు, చర్చి పూలు" అని అదిలించేవాణ్ణి. ఆరాధన జరుగుతుంటే కిటికీలోంచి కంచె వైపు చూస్తూ, చంటిపిల్లలు ఎవరైనా అటు పాకుతున్నారేమో అని వెతికేవాణ్ణి. పాస్టరయ్య ప్రసంగం ఒక్క ముక్క చెవిన పడేది కాదు. ఒకసారి కమిటీలో చెప్పేద్దామనుకున్నాను. చెబితే, మరి మొదటే ఎందుకు చెప్పలేదంటారు. ఆ ప్రశ్నకు భయపడి ఆ నెల దాటేశాను. తర్వాత ప్రతి నెలా అలాగే దాటింది.

మరుసటి ఏడు మట్టల ఆదివారం వచ్చింది. ఈస్టరుకు ముందు ఆదివారం పిల్లలూ పెద్దలూ ఈత మట్టలు పట్టుకుని హోసన్నా అంటూ వీధుల్లో ఊరేగింపుగా వస్తాం. పిల్లలకు ఇంకొక సరదా కూడా ఉంది. ఈత మట్ట మొదట్లో తెల్లగా మెత్తగా ఉండే చోటు కాస్త తియ్యగా ఉంటుంది. నడుస్తూ నడుస్తూ దాన్ని కొరుక్కుంటారు. నేనూ చిన్నప్పుడు కొరికినవాణ్ణే.

ఆ ఏడు దొర్నిపాడు వైపు నుంచి మట్టలు తెచ్చే మనిషి సగం కూడా తేలేదు. వంక గట్టున ఈత పొదలు ఎవరో కాల్చేశారట. పెద్ద పిల్లలు ముందే లాక్కున్నారు. చిన్నపిల్లలు పది మందికి పైగా ఉత్త చేతులతో ఏడుపు మొహాలు పెట్టి నిలబడ్డారు. పాస్టరయ్య బేగా కదలండి అని తొందర పెడుతున్నాడు. అక్క చుట్టూ చూసింది. సంచిలోంచి జాకెట్లు కత్తిరించే కత్తెర తీసి, కంచె దగ్గరికి వెళ్లి, పొడుగాటి ఆకులున్న గన్నేరు కొమ్మలు కత్తిరించి తలా ఒకటి ఇచ్చింది.

నేను పది అడుగుల దూరంలో మైకు వైరు చుడుతున్నాను. చూశాను. "అక్కా, అది వద్దు" అంటే చాలు. ఎందుకు వద్దో చెప్పాలి. మూడొందల మంది ముందు చెప్పాలి. ఒక్క గంట, పిల్లలు ఊపి పారేస్తారు, ఏం కాదులే అని వైరు చుట్టడం పూర్తి చేశాను.

ఊరేగింపు తిరిగి వచ్చి, ఆరాధన సగంలో ఉండగా ఆరేళ్ల పాప ఒకతె బెంచీ మీదే వాంతి చేసుకుంది. ఆటో నడిపే ఒకాయన కూతురు. ఎండదెబ్బ అన్నారు. మొహం కడిగారు. మళ్లీ వాంతి. మూడోసారికి తల వాల్చేసింది. అక్క ఆ పాపను ఎత్తుకుని "ఏం తిన్న్యావ్‌మ్మా?" అని అడుగుతూ ఉంది.

"ఏం తినల్యా. మట్ట కొరికినా," అంది పాప. "అందరి మట్ట తీపంట. నా మట్ట చేదుగా ఉన్నింది."

ఆళ్లగడ్డ డాక్టరు చూసి వెంటనే నంద్యాల తీసుకుపొమ్మన్నాడు. కోశాధికారి పెద్దాయన కారు తీశాడు. పాప తండ్రి ముందు సీట్లో. వెనక తల్లి, ఆమె ఒళ్లో పాప, పక్కన అక్క, ఈ చివర నేను. అక్క మీదుగా చెయ్యి చాచి పాప మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ కూర్చున్నాను. అది నిదానంగా కొట్టుకుంటోంది. నాలుగు కొట్టుకుని ఒకటి తప్పేది. తప్పినప్పుడల్లా నా ఊపిరి ఆగేది. మళ్లీ తగిలేది. రోడ్డు మధ్యన నంద్యాల దాకా గన్నేరు పూసి ఉంది. ఎండలో గులాబీ రంగు పూలు గాలికి ఊగుతున్నాయి. కళ్లు మూసుకుంటే నాడి తప్పడం ఇంకా స్పష్టంగా తెలిసేది, అందుకని కళ్లు తెరిచి ఆ పూలనే చూశాను.

"బేగా పోనీప్పా, పాప చేతులు సల్లగైతాండాయి," అని తల్లి ఏడుస్తోంది.

"నూటిరవై మీదే పోతాండా తల్లీ."

"ఏం గాదు గదా సారూ? నువ్వు సైన్సు సారువి, చెప్పు. ఏం గాదు గదా?"

"ఏం కాదమ్మా," అన్నాను. నా వేలి కింద ఇంకొకటి తప్పింది.

ఆస్పత్రిలో పాపను లోపలికి తీసుకెళ్లాక డాక్టరు బయటికొచ్చి ఏం తిన్నదని అడిగింది. తల్లి పొద్దున తిన్న ఇడ్లీల గురించి చెప్పబోయింది. నేను డాక్టరును నాలుగడుగులు పక్కకు పిలిచాను.

"గన్నేరు ఆకు నమిలింది మేడమ్. ఎంతో తెలీదు. నాడి తప్పుతాంది. అది గుండె మీద పనిచేస్తుంది."

"మీకెట్లా తెలుసు?"

"సైన్సు టీచర్ని మేడమ్. ఎప్పటినుంచో తెలుసు."

ఆమె గబగబా లోపలికి వెళ్లిపోయింది. నేను వెనక్కి తిరిగాను. అక్క నీళ్ల సీసా పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆ చివరి మాట ఆమె వింది. నా మొహంలోకి చూసింది. వెళ్లి పాప తల్లి పక్కన నేల మీద కూర్చుంది.

రెండు రోజులు పాప గుండెకు వైర్లు పెట్టి ఉంచారు. తెర మీద గీత ఎగుడుదిగుడుగా నడిచేది. కిటికీ అద్దంలోంచి దాన్ని చూస్తూ నిలబడేవాణ్ణి. గీత కాస్త సాగితే నర్సును పిలిచేవాణ్ణి. పాప బతకాలని ప్రార్థన చేశాను, నిజమే. అదే ప్రార్థనలో ఆ అక్క నోరు విప్పకూడదని కూడా అడిగాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అదీ జరిగినదే. మూడో రోజున గీత సమంగా నడిచింది. గురువారం పాపను ఇంటికి పంపారు.

శనివారం కమిటీ కూర్చుంది. పాప తండ్రి కూడా వచ్చాడు.

"కండ్లు నెత్తికెక్కినాయా ఆమెకు? పసిబిడ్డల చేతికి ఆ కొమ్మలిచ్చేది ఏందీ?" అన్నాడు.

"విషమని ఎవురికి తెలుసప్పా," అన్నాడు పెద్దాయన. "అయినా ఆకు కోసేటప్పుడు ఒక మాట అడగొద్దా? ఈడ సైన్సు సారు ఉన్న్యాడు గదా, అడిగింటే చెప్పేటోడు."

గన్నేరు పెట్టమన్నది నేనేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని కలం పట్టుకుని కూర్చున్నాను.

"కొమ్మ కోసింది నేనే. కాదనను," అంది ఆమె. అంతే.

ఆమెను ఆదివారపు బడి నుంచి తప్పిస్తూ తీర్మానం చేశారు. 'అజాగ్రత్త వల్ల' అని రాసింది నా చేయి. కంచె పీకి తగలబెట్టాలన్నారు. కాల్చితే ఆ పొగ కూడా మంచిది కాదని నాకు తెలుసు. "కాల్చొద్దు, పూడ్చిపెడదాం" అన్నాను. ఎందుకన్నాడు పెద్దాయన. పక్కింటోళ్లు పొగని గొడవ చేస్తారని చెప్పాను. ఆ పూటకు ఇంకొక అబద్ధం.

ఆమె కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చుంది. ఆమె కనబడిన ప్రతి ఆదివారం ఈ రోజు చెప్పేస్తుందేమో అని నాకు అన్నం దిగేది కాదు. తర్వాత జాకెట్లు ఇచ్చేవాళ్లు తగ్గారని, నంద్యాలలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయిందని విన్నాను. నా భయం తీరుతుందనుకున్నాను. తీరలేదు. గోడ వెంబడి నా చేతులతోనే నందివర్ధనాలు నాటాను. రెండు వేసవులు బడి అయ్యాక బిందెలతో నీళ్లు మోశాను. సారుకు ఎంత భక్తో అనుకున్నారు. నేను మాత్రం చెప్పాల్సిన మాటకు బదులు నీళ్లు పోస్తున్నాను. మొక్కలు బతికాయి. ఆకు మెత్తగా, పువ్వు తెల్లగా, ఆమె చెప్పినట్టే.

ఈ ఏడు మాకు కొత్త పాస్టరయ్య వచ్చాడు. వెనక కట్టిన హాలు చుట్టూ మొక్కలు పెట్టాలని, గన్నేరు మంచిదా నందివర్ధనం మంచిదా అని నన్నే అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే పెద్దాయన అందుకున్నాడు.

"గన్నేరు పేరెత్తొద్దయ్యా. ముందు ఒకామె ఉన్నింది. బుర్ర తక్కువ మనిషి. ఆమె చేసిన పనికి ఒక పాప సావుదాకా పోయొచ్చింది."

ఒకామె. పేరు కూడా పోయింది, తప్పు మాత్రం మిగిలింది. నేను పోతే ఈ మాట ఇలాగే నిలిచిపోతుంది. ఆమెకూ నాకూ తప్ప నిజం తెలిసినవాళ్లు లేరు. నా వయసు యాభై మూడు. ఆ రాత్రంతా నా భయం ఇంకొకవైపుకు తిరిగింది. చెప్పేస్తుందేమోనని కాదు, ఎవరూ చెప్పకుండానే పోతుందేమోనని.

శనివారం బస్సెక్కి నంద్యాల వెళ్లాను. రైల్వే స్టేషను అవతల ఒక సందులో ఆమె ఇల్లు. గుమ్మం పక్కనే మిషను. నన్ను చూసి కళ్లజోడు పైకి తోసింది.

"ఏం సారూ, దావ తప్పినావా?"

"నీతో మాట్లాడల్లక్కా."

"మాట్లాడు. కుట్టుకుంటానే ఇంటా. సాయంత్రానికి ఈ జాకెట్టు ఇయ్యాల."

నేను మొదలుపెట్టాను. నేల చూస్తూ గొణిగాను. ఆమె మిషను తొక్కుతూనే ఉంది.

"గట్టిగ చెప్పు. ఈ చప్పుడుకు ఇనపడల్యా."

అందుకని గట్టిగా చెప్పాను. గన్నేరు విషమని నాకు ముందే తెలుసని, నువ్వు కొమ్మలు కోస్తుంటే చూశానని, పది అడుగుల దూరంలో ఉన్నానని. పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసినా నేను ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

"కోసేటప్పుడు చూసినావా?" అంది ఆమె. అది ఆమెకు తెలియదు. మిషను మీద చేయి వేసి చక్రం ఆపింది. "తెలుసని ఆస్పత్రిలోనే ఇన్న్యా. చూసినావని ఇప్పుడు ఇంటాండా."

"మీటింగులో నా మాట చెప్పింటే నువ్వు బయటపడేదానివి గదక్కా."

"ఎవురు నమ్ముతారు? నువ్వు సారువి, నేను జాకెట్లు కుట్టేదాన్ని. అయినా ఆ పొద్దు నాకు పాప గురించి తప్ప వేరే బయం ల్యా. కొమ్మ ఇచ్చింది నా చెయ్యే గదా. ఇప్పటికీ ఏ పిల్ల ఏది నోట్లో పెట్టుకున్న్యా నా గుండె జల్లుమంటాది."

"తప్పైపోయిందక్కా."

"నాకు చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా? నా మీద మాట పడింది ఈడ గాదు, ఆడ. ఆ పాప అమ్మ బస్టాండులో నన్ను చూసి మొగం తిప్పుకుంటాది. ఆమె ముందర చెప్పు. చూసినావని గూడ చెప్పు. సగం చెప్పేటట్టయితే అసలు చెప్పొద్దు."

"నువ్వు వస్తావా?"

"నేనెందుకు? నేనుంటే అందరూ నా మొగం చూస్తారు. నీ మొగం చూడనీ." మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి, "మంచినీళ్లు తాగిపో," అంది.

ఇంటికి వచ్చి నా భార్యకు మొత్తం చెప్పాను. ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది. ఉద్యోగం ఏమవుతుందో, పాప తండ్రి ఏం చేస్తాడో అని ఇద్దరం తెల్లవార్లూ భయపడ్డాం. చెప్పొద్దని మాత్రం ఆమె అనలేదు.

ఆదివారం ప్రకటనల సమయంలో లేచి ముందుకు వెళ్లాను. బల్ల అంచు పట్టుకున్నాను. ఎడమ వైపు మూడో బెంచీలో పాప, ఇప్పుడు పన్నెండేళ్లది, పక్కన తల్లి, కుడి వైపు బెంచీల్లో తండ్రి. వాళ్ల మొహాలే చూస్తూ చెప్పాను. కంచె గురించి, చేదు అన్న నా మాట గురించి, కత్తెర గురించి, మైకు వైరు గురించి. చర్చిలో ఎవరో "అయ్యో" అన్నారు. పాప తండ్రి లేచి నిలబడ్డాడు. అయినా అయిపోయేదాకా ఆపలేదు.

"ఆ అక్కకు ఏమీ తెలీదు. తెలిసినోణ్ణి నేను. నోరు తెరిచింటే మీ పాప చేతికి ఆ కొమ్మ వచ్చేదే గాదు. నన్ను తిట్టండి, ఏమైనా చేయండి. ఆమెను మాత్రం ఇంగ ఒక్క మాట అనొద్దు. పాపా, నిన్ను సావుదాకా పంపింది నేను. నన్ను క్షమించు."